పెట్రోలు లైటు వెలిగినంక ఇంకెన్ని కిలోమీటర్లు పోతది?

ములుగురోడ్_తెల్లకారు
చిన్న కారు, పెట్రోలు, 37 లీటర్ల ట్యాంకు. వారానికోసారి హన్మకొండ నుంచి ఏటూరునాగారం దాక పోయి వచ్చుడు ఉంటది. లైటు వెలిగినప్పుడు డ్యాష్‌బోర్డు మీటర్ల రేంజు (ఇంకెన్ని కిలోమీటర్లు పోతదో చెప్పే అంకె) 70 చూపెడ్తది. పది కిలోమీటర్లు పోయి చూస్తే 60 ఉండాలె కద, 46 ఉంటది. ఇంకింత దూరం పోతే అంకెలే మాయం, ఉత్త గీతలు. మాన్యువల్‌ల "వెంటనే ఇంధనం నింపండి" అని ఒక్క ముక్క రాసి చేతులు దులుపుకున్నరు, లీటర్ల ముచ్చటే లేదు. ఒకలు 40 అంటరు, ఇంకొకలు బేఫికర్ 100 పోతది అంటరు. అసలు ఆ లైటు దేన్ని చూసి వెలుగుతది? నా బండికి ఖాయం లెక్క ఎట్ల తీసుకోవాలె?

జనగామ_జర_ఆగు
లైటు వెలిగితే పోయించుకోవాలె. చర్చ ఖతం.

ములుగురోడ్_తెల్లకారు
పోయించుకోవాల్నని నాకు తెలుసన్నా. బంకు దాక పోతదా పోదా అన్నదే నా సవాలు.

కాజీపేట_పానా
లైటుకు కిలోమీటర్లు తెల్వయి, లీటర్లే తెలుసు. ట్యాంకు లోపల పంపుతోని కలిపి ఒక సన్న తీగ ఉంటది, దాని కొసకు తేలే ముక్క. దాన్నే ఫ్లోట్ అంటం. పెట్రోలు తగ్గినకొద్దీ ఫ్లోట్ దిగుతది, తీగ రెండో కొస ఒక రెసిస్టెన్స్ పట్టీ మీద జారుతది. ఆ ఓమ్స్ (రెసిస్టెన్స్ కొలత) చూసే మీటర్ల గీతలు తగ్గుతయి. కంపెనీ పెట్టిన హద్దు దాటంగనే లైటు వెలుగుతది. పాత బండ్లల్ల కొన్నిటికి లైటు కోసం వేరే థర్మిస్టర్ (వేడెక్కితే కరెంటు ఎక్కువ పోనిచ్చే) పూస ఉండేది. పెట్రోల్ల మునిగినంత సేపు సల్లగ ఉంటది, బయట పడంగనే వేడెక్కుతది, లైటు వెలుగుతది.

చిన్న కార్లల్ల ఆ హద్దు ఎక్కువగ 5 నుంచి 7 లీటర్ల నడుమ పెడ్తరు. నీ 37 లీటర్ల దానికి ఒక 5.5 అనుకో. అందుల కింది లీటరున్నర లెక్కల పట్టకు. అది పంపుకు అందితే అందుతది, లేకుంటే లేదు, బండి వాలును బట్టి. మిగిలింది 4 లీటర్లు. హైవే మీద నీకు లీటరుకు 18 వస్తే 72 కిలోమీటర్లు. హన్మకొండ చౌరస్తా ట్రాఫిక్కుల 12 వస్తే 48. లైటు అదే, పెట్రోలు అంతే, 24 కిలోమీటర్ల ఫరక్. 40 అన్నోడు, 100 అన్నోడు ఇద్దరూ వాళ్ల వాళ్ల బండి గురించి నిజమే చెప్పిన్రు.

ఒక్క మాట. గుణించేది నీ అసలు మైలేజీతోని. షోరూంల చెప్పే ఏఆర్‌ఏఐ (బండ్లను పరీక్షించే సంస్థ) అంకెతోని కాదు. అది ల్యాబుల రోలర్ల మీద తీసింది.

నర్సంపేట_మిర్చి
నా దాంట్ల లైటు వెలిగినంక 110 నడిచింది, ఏం కాలే. ఊకె భయపెడ్తరు.

కాజీపేట_పానా
ట్యాంకు ఎంత? స్పీడెంత?

నర్సంపేట_మిర్చి
45 లీటర్లు. 70 దాటలే.

కాజీపేట_పానా
మరి అదే కద నేన్చెప్పేది. పెద్ద ట్యాంకుకు హద్దు కూడ పెద్దగనే పెడ్తరు, నువ్వు 70 మీద పోయినవు. ఆ 110 ని 32 లీటర్ల బండోడు నమ్మితే నడి రోడ్డు మీద నిలవడ్తడు.

కరీంనగర్_లెక్కలు
ట్యాంకుల ముచ్చట వచ్చింది గనక. క్విడ్ 28, ఇప్పటి వ్యాగన్ ఆర్ 32, ఆల్టో 800 కారుకు, టియాగోకు 35, ఇప్పటి డిజైర్, బాలెనో, స్విఫ్ట్ 37, నెక్సాన్ 44, ఎర్టిగా 45, బ్రెజా 48, క్రెటా 50, బొలెరో 60. అదే స్విఫ్ట్ 2011ల వచ్చిన మోడల్‌కు 42. అందుకే "మా బావది గూడ స్విఫ్టే, 90 పోయింది" అన్న మాట ఏ సంవత్సరం బండో తెల్వకుండ పనికి రాదు.

ఇగ 70 కాస్త 46 ఎట్లయిందంటే. రేంజు అంటే మిగిలిన లీటర్లు ఇంటూ ఈ మధ్య వచ్చిన సగటు. హన్మకొండ దాటినంక రోడ్డు సాఫు, సగటు 18 మీద ఉంది. 70 ని 18 తోని భాగిస్తే 3.9 లీటర్లు. చాన బండ్లు కింది పెట్రోలు కొంత దాచిపెట్టుకొనే ఈ అంకె చూపిస్తయి, అందుకే 5.5 కాకుండ 3.9 వచ్చింది. తర్వాత పది కిలోమీటర్లు ఊరి నడుమ, స్పీడ్ బ్రేకర్లు, ట్రాక్టర్ల ఎన్క. అక్కడ 12 ఇచ్చింది అనుకుందాం, 0.8 లీటరు పోయింది. మిగిలింది 3.1. ఇప్పుడు సగటు 15కు పడ్డది. 3.1 ఇంటూ 15, మొత్తం 46 చిల్లర. మీటరు మోసం చేయలే, రెండు దిక్కులా తగ్గింది, అంతే.

గీతలు వచ్చుడంటే ఇగ అంచనా కట్టుడు బందు వెట్టిందని అర్థం. ట్యాంకు ఎండిపోయిందని కాదు.

ములుగురోడ్_తెల్లకారు
ఇప్పుడు సమజైంది. అంటే మళ్ల సాఫు రోడ్డు ఎక్కితే అంకె పెరుగుతదా?

కరీంనగర్_లెక్కలు
పెరుగుతది. 46 నుంచి 52కు ఎక్కుడు కూడ మామూలే. పెట్రోలు పుట్టింది అనుకోకు.

భూపాలపల్లి_బొగ్గు
పుడితే జర మాకు గూడ పంపు.

హుజూరాబాద్_హైవే
వాలు సంగతి ఎవ్వలు చెప్పలే. ట్యాంకు వెడల్పుగ, పలుచగ ఉంటది. అడుగున ఐదారు లీటర్లే ఉన్నప్పుడు చిన్న చడావు వచ్చినా పెట్రోలు ఒక దిక్కుకు పోతది, ఫ్లోట్ పడ్తది, లైటు వెలుగుతది. దిగుడు రాంగనే ఆరిపోతది. బ్రేకు కొట్టినా, రౌండు తిరిగినా అంతే. కొత్త బండ్లల్ల మీటరు కొంచెం సేపు ఆగి సగటు తీసుకుంటది గనక అంత మిణుకు మిణుకు కాదు, పాత బండ్లల్ల బాగ తెలుస్తది. లెక్క పెట్టేది మొదటిసారి మిణికినప్పటి నుంచి కాదు. సాఫు రోడ్డు మీద ఆరకుండ నిలబడ్డప్పటి నుంచి.

నిర్మల్_బొమ్మ
మా దిక్కు ఇది రోజు ముచ్చటే. నిర్మల్ దాటినంక ఘాట్ల, కెరమెరి ఘాట్ల లైటు ఆడుతనే ఉంటది. అయితే ఘాట్ల అసలు ఫికరు లైటు కాదు. చడావు మీద రెండో గేరుల ఎక్కేటప్పుడు లీటరుకు 7, 8 కూడ రాదు. 4 లీటర్లకు 72 అన్న లెక్క అక్కడ సగానికన్న తక్కువకు పడ్తది. ఉట్నూరు, జైనూరు దిక్కు పోయేటోళ్లు కింద ఉన్నప్పుడే నింపుకోవాలె.

జనగామ_జర_ఆగు
రెండో పోస్టుల నేను చెప్పింది గిదే.

కాజీపేట_పానా
ఖాయం లెక్క అడిగినవు కద, ఇట్ల తీయి. లైటు సాఫు రోడ్డు మీద నిలబడంగనే ట్రిప్ మీటరు సున్న చెయ్యి. దగ్గరున్న బంకుకు పో. ఇంజను బందు వెట్టు, ఇగ్నిషన్ గూడ ఆఫ్. సమంగ ఉన్న జాగల నిలవెట్టి ఫుల్ ట్యాంకు అను. నాజిల్ టక్కుమని ఆగంగనే ఆపుమను. "రౌండ్ ఫిగర్ చేస్త సార్" అంటడు, వద్దను. ఎన్ని లీటర్లు పట్టిందో ట్యాంకు కెపాసిటీల నుంచి తీసెయ్యి, లైటు నుంచి బంకు దాక కాలింది కలుపు. అదే నీ లైటు హద్దు. ఒక్కసారి తీస్తే నమ్మకు. రెండు మూడు సార్లు తీసి, అందుల అన్నిటికన్న తక్కువ వచ్చింది పట్టుకో.

మైలేజీకి కూడ అదే బంకు, వీలుంటే అదే నాజిల్, మళ్ల టక్కు దాక నింపి, నడిచిన కిలోమీటర్లను పట్టిన లీటర్లతోని భాగించు. మీటర్ల చూపే సగటు కొన్ని బండ్లల్ల అసలు కన్న ఒక పాయింటు ఎక్కువనే ఉంటది.

నర్సంపేట_మిర్చి
టక్కుమన్నంక ఇంకో లీటరు పోయించుకుంటే నష్టమేంది? పైసలు మనయే కద.

కాజీపేట_పానా
పైసలు నీయే, క్యానిస్టర్ గూడ నీదే. ట్యాంకు పైన జర జాగ ఖాళీ ఉంచేది పెట్రోలు వేడికి ఉబ్బుతదని, ఆవిరి పోతదని. ఆ ఆవిరి బొగ్గు డబ్బాల (అదే క్యానిస్టర్) పడి, తర్వాత ఇంజన్లకు పోతది. నువ్వు మెడ దాక నింపితే ఆవిరికి బదులు పెట్రోలే పోయి బొగ్గు తడుస్తది. ఆ తర్వాత పెట్రోలు పోయించుకున్న వెంటనే స్టార్టింగ్ ట్రబుల్, వాసన, చెక్ ఇంజన్ లైటు. వరంగల్ ఎండల మే నెలల ఇది ఇంకా తొందరగ అయితది.

భూపాలపల్లి_బొగ్గు
బొగ్గు డబ్బా అంటే మా ఊరి బొగ్గేనా?

కాజీపేట_పానా
కాదు, అది వాసన గుంజే బొగ్గు. మీది రైలుకెక్కే బొగ్గు.

నర్సంపేట_మిర్చి
సరే ఒప్పుకున్న. మరి 37 లీటర్ల ట్యాంకుల 39 పట్టిందని బిల్లు ఇస్తే? అది బంకోని మాయ కాదా?

కరీంనగర్_లెక్కలు
కావొచ్చు, కాకపోవచ్చు. కంపెనీ రాసే కెపాసిటీ పైన వదిలిన ఖాళీ, పోసే గొట్టం లెక్క కట్టకుండ రాసింది. మెడ దాక పోస్తే రాసినదాని కన్న ఎక్కువ పట్టుడు వింత కాదు. అనుమానముంటే అక్కడనే తేల్చుకో. ప్రతి బంకుల తూనికలు కొలతల శాఖ ముద్ర ఉన్న 5 లీటర్ల కొలత డబ్బా ఉండాలె. అడిగితే నీ ముంగట్నే అందుల పోసి చూపెట్టాలె. 5 లీటర్లకు 25 మిల్లీలీటర్ల దాక ఫరక్ ఉంటే నడుస్తది, అంతకు మించి తక్కువుంటే ఫిర్యాదు. 37కు 39 పట్టిందని కొట్లాడే కన్న ఈ డబ్బా అడుగుడు సాఫు పని.

అయితే పానా అన్న లెక్కల ఒక మెలిక. ట్యాంకుల అసలు 37 కన్న ఎక్కువ పడ్తదంటే, "37ల నుంచి తీసెయ్యి" అని తీసిన హద్దు అసలుకన్న తక్కువ వస్తది.

కాజీపేట_పానా
అవును. తక్కువ వస్తే మనకే మంచిది. ఎక్కువ వస్తేనే నడిరోడ్డు.

ఖని_డీజిల్
మీరంత పెట్రోలు ముచ్చటే పెడ్తున్రు. డీజిల్ బండ్లోళ్లు ఈ లెక్కలు ముట్టుకోవద్దు. పెట్రోలు అయిపోతే పోసి స్టార్ట్ చేస్తవు, బండి నడుస్తది. డీజిల్ ఖాళీ అయితే లైన్ల గాలి ఎక్కుతది. కామన్ రైల్ (ఒకే గొట్టం నుంచి అన్ని ఇంజెక్టర్లకు గట్టి ప్రెషరుతోని డీజిల్ పంపే పద్ధతి, ఆ గొట్టమే రైలు) పంపుకు డీజిలే నూనె. డీజిల్ అందకుంటే లోపల ఇనుము ఇనుము రాసుకుంటది, ఆ పొడి పోయి ఇంజెక్టర్లల్ల కూసుంటది. అప్పుడు పంపు ఒక్కటి మారిస్తే సరిపోదు, రైలు, ఇంజెక్టర్లు, పైపులు అన్ని.

ఇంకోటి. డీజిల్ బండిల ఇంజెక్టర్ల దగ్గర మిగిలిన డీజిల్ వేడిగ మళ్ల ట్యాంకుకే వస్తది. ట్యాంకు నిండుగుంటే ఆ వేడి తెల్వది. 5 లీటర్లే ఉంటే ఆ కొంచెమే తిరిగి తిరిగి వేడెక్కుతది, పలుచనైతది, నూనెతనం తగ్గుతది. మా దిక్కు ఎండకాలం 45 డిగ్రీలు, ఆలోచించుకోన్రి.

జంగల్_రూట్
ఒకవేళ అయిపోతే ఏం చేయాలె డీజిల్ల?

ఖని_డీజిల్
కనీసం 5 లీటర్లు, వీలైతే 10 పొయ్యి. సెల్ఫ్ ముట్టుకోకు. ఫిల్టర్ మీద చేత్తో నొక్కే ప్రైమర్ ఉంటే దాన్ని గట్టి పడేదాక నొక్కు, యాభై సార్లు పట్టినా సరే. ఫిల్టర్ మీద గాలి తీసే స్క్రూ ఉంటే సగం చుట్టు విప్పు. నురుగు పోయి చుక్క డీజిల్ సాఫుగ రాంగనే బిగియ్యి. ప్రైమర్ లేని బండ్లకు ట్యాంకుల ఎలక్ట్రిక్ పంపు ఉంటది, తాళం ఆన్ చేసి పది సెకన్లు ఆగు, ఆఫ్, మళ్ల ఆన్, ఐదారు సార్లు. అప్పుడు సెల్ఫ్. ఒక్కసారికి పది సెకన్లకు మించి కొట్టకు, నడుమ అర నిమిషం ఆగు, లేకుంటే స్టార్టర్ మోటరు మాడుతది, బ్యాటరీ పడ్తది. లేసినంక రెండు నిమిషాలు ఊకె తిరగనియ్యి, రేస్ కొట్టకు. నాలుగైదు సార్లకు లేవకపోతే ఆపి మెకానిక్కును పిలువు. నూకి స్టార్ట్ చేసుడు, తాడు కట్టి గుంజుడు కామన్ రైల్ బండ్లకు అస్సలు వద్దు.

నర్సంపేట_మిర్చి
అందరు చెప్తరు కద, పెట్రోలు తక్కువుంటే అడుగు చెత్త ఇంజన్లకు పోతదని. అది నిజమేనా?

కాజీపేట_పానా
సగం పుకారు. పంపు ఎప్పుడూ అడుగు నుంచే గుంజుతది, ట్యాంకు నిండుగున్నా గంతే. చెత్త పోయేదుంటే నిన్ననే పోయింది. పంపు కింద జాలి సంచి ఉంటది, దాని తర్వాత ఫిల్టర్.

హుజూరాబాద్_హైవే
ఇక్కడ నేను ఒప్పుకోను. నిండుగున్నప్పుడు అడుగు చెత్త ఒక దిక్కు కూసుంటది. నాలుగు లీటర్లే ఉన్నప్పుడు ఆ పెట్రోలంత ముంగటికి ఎన్కకు కొట్టుకుంటది, కూసున్న చెత్త లేస్తది, జాలి మీద పడ్తది. నీళ్లు గూడ అంతే, బరువు గనక అడుగునే ఉంటయి.

కాజీపేట_పానా
నీళ్ల ముచ్చట ఒప్పుకుంట. ఇప్పుడొచ్చే పెట్రోల్ల 20 శాతం ఇథనాల్. ఇథనాల్ నీళ్లను కలుపుకుంటది. ఒక హద్దు దాక కలిసే ఉంటది, మించితే ఇథనాల్, నీళ్లు కలిసి విడిపోయి అడుగుకు దిగుతయి. వానకాలం నెలలకొద్ది సగం ట్యాంకుతోని నిలవెట్టిన బండికి ఇది ఫికరే. రోజు నడిచే బండికి కాదు. చెత్త గురించి మాత్రం, పదేండ్ల పాత ఇనుప ట్యాంకు అయితే నీ మాట నిజం, ఇప్పటి ప్లాస్టిక్ ట్యాంకుకు అంత లేదు.

కరీంనగర్_లెక్కలు
ఇథనాల్‌తోని మైలేజీ ముచ్చట గూడ ఈ లెక్కల కలపాలె. లీటరు ఇథనాల్ల ఉండే శక్తి, లీటరు పెట్రోల్ల ఉండేదాంట్ల మూడింట రెండొంతులే. 20 శాతం కలిస్తే ఉత్త పెట్రోలు కన్న 6, 7 శాతం శక్తి తక్కువ. 10 శాతం కలిపినప్పటితోని పోలిస్తే మూడు శాతం పైన. మూడేండ్ల కింద రాసి పెట్టుకున్న మైలేజీతోని ఇప్పుడు రేంజు లెక్క కట్టొద్దు.

మంచిర్యాల_గ్యాస్
సీఎన్జీ బండోళ్లకు ఒక మాట. గ్యాస్ మీద నడుస్తుంది కద అని పెట్రోలు లైటు నెలలకొద్ది వెలుగుతనే వదిలేస్తరు. చాన బండ్లు పెట్రోలు మీద స్టార్ట్ అయి తర్వాతనే గ్యాస్‌కు మారుతయి. పెట్రోలు లేకుంటే స్టార్టింగే కష్టం. కిట్టును బట్టి గ్యాస్ మీద నడిచేటప్పుడు గూడ పెట్రోలు పంపు తిరుగుతనే ఉంటది. పెట్రోలు లేక ఉత్తగ తిరిగితే కాలుతది. పంపు ఖర్చు చూస్తే గ్యాస్‌ల మిగిలిన పైసలు అటే పోతయి. పావు ట్యాంకు ఎప్పుడూ ఉంచున్రి. వారంల ఒక పది కిలోమీటర్లు పెట్రోలు మీద నడపున్రి, ఉన్న పెట్రోలు పాతబడకుంట.

హుజూరాబాద్_హైవే
పంపు సల్లవడేది దాని చుట్టున్న పెట్రోలుతోనా, లోపల నుంచి పోయేదాంతోనా? చాన మంది పంపు మునిగి ఉంటేనే సల్లగుంటది అంటరు.

కాజీపేట_పానా
ముఖ్యంగ లోపల నుంచి పోయేదాంతోనే. పెట్రోలు మోటరు నడుమ నుంచే పోతది. పైగ ఇప్పటి పంపు ఒక గిన్నెల కూసుంటది. ట్యాంకుల పెట్రోలు తగ్గినా ఆ గిన్నెను చిన్న జెట్ నింపుతనే ఉంటది. అందుకే లైటు వెలిగిన పది నిమిషాలకు పంపు కాలుతదన్నది అబద్ధం. గిన్నెలకే పెట్రోలు రాక గాలి గుంజుకున్నప్పుడు కాలుతది. ఒకసారి రెండుసార్లు అయితే తట్టుకుంటది. ఎప్పుడూ లైటు మీదనే నడిపేటోళ్ల పంపులే ముందు పోతయి, ఎందుకంటే మలుపుల్ల, చడావుల్ల అది పదే పదే గాలి మింగుతది.

జంగల్_రూట్
ఇప్పుడు ఏటూరునాగారం ముచ్చటకు వద్దాం. 163 జాతీయ రహదారి. హన్మకొండ నుంచి ములుగు సుమారు 50, అక్కడి నుంచి ఏటూరునాగారం ఇంకో 55 చిల్లర. పస్రా దాటినంక తాడ్వాయి దిక్కు అంత అడవి. సిగ్నల్ గూడ నడుమ నడుమ పోతది. కాబట్టి లెక్క సులభం. ములుగుల లైటు వెలిగితే ముందటికి పోకు, అక్కడనే పోయించు. లైటు వెలగకున్నా ఒక్క గీతే ఉంటే గూడ పోయించు. బోగత, వాజేడు దిక్కు పోయేటోళ్లు ఏటూరునాగారంల మళ్ల చూసుకోవాలె.

మేడారం జాతరప్పుడు వేరే లెక్క. తాడ్వాయి నుంచి మేడారం 14, 15 కిలోమీటర్లే, కాని జాంల గంటలు పడ్తది. ఏసీ వేసుకొని నిలవడి ఉంటే చిన్న పెట్రోలు కారు గంటకు లీటరు దాక తాగుతది. 4 లీటర్లు ఉన్నయి, 15 కిలోమీటర్లే కద అనుకుంటే నాలుగు గంటల జాంల అన్నీ ఆవిరి.

నర్సంపేట_మిర్చి
లైటు వెలిగింది, బంకు 30 కిలోమీటర్లుంది. అప్పుడేం చేయాలె? దిగుళ్లల్ల న్యూట్రల్ చేస్తే మస్తు మిగుల్తది.

కరీంనగర్_లెక్కలు
మిగలదు. కొత్త బండ్లల్ల గేరుల ఉంచి యాక్సిలరేటర్ మీది నుంచి కాలు తీస్తే ఇంజెక్టర్లు మొత్తం బందయితయి, ఇంజన్ స్పీడు దగ్గర దగ్గర 1200, 1500 కు పడేదాక. ఆ టైంల ఖర్చు సున్న. న్యూట్రల్ చేస్తే ఇంజను ఆగకుండ ఉండేందుకు పెట్రోలు తాగుతనే ఉంటది. పైగ దిగుట్ల ఇంజన్ బ్రేకింగు పోతది. తాళం బందు వెట్టి దింపుతరు కొందరు, అది ఇంకా పాడు. స్టీరింగు బిర్రుగైతది, బ్రేకు రెండు మూడు తొక్కుళ్లకు రాయి లెక్క అయితది.

నర్సంపేట_మిర్చి
కార్బరేటర్ కాలం నుంచి అలవాటు.

కరీంనగర్_లెక్కలు
కార్బరేటర్ల అది నిజమే. బండి మారింది, అలవాటు మారాలె.

హుజూరాబాద్_హైవే
30 కిలోమీటర్లకు చేసేది ఇది. స్పీడు 60 దగ్గర, పై గేరుల, ఇంజన్ గుంజుకోకుండ. 100 మీద పోయేటోడు 60కి దిగితే గాలి పట్టుడు సగానికన్న తక్కువైతది, దానికన్న పెద్ద మిగులు ఇంకోటి లేదు. ఏసీ బందు, 60 మీద అద్దాలు కొంచెం దించుకున్నా నష్టం లేదు. ముంగట లారీ ఉంటే ఓవర్‌టేక్ చేయకు, దూరం ఉంచి దాని ఎన్కనే పో. నిమిషం పైన ఆగేదుంటే ఇంజను బందు. లైట్లు, సిగ్నళ్లు మాత్రం బందు వెట్టకు, వాటితోని మిగిలేది ఏం లేదు. ఎక్కువ చడావున్న దగ్గరి తొవ్వ కన్న సాఫుగున్న పది కిలోమీటర్ల దూరం తొవ్వ మేలు కావొచ్చు.

మంచిర్యాల_గ్యాస్
ఇంజను కొంచెం కొంచెం కొట్టుకుంటుంది, యాక్సిలరేటర్ తొక్కితే అందుతలేదు అంటే ఇగ ఆఖరు. అప్పుడు ఇంకో రెండు కిలోమీటర్లు గుంజుదాం అనొద్దు. హజార్డ్ వేసి పక్కకు దించు. పెట్రోలు అందక మిస్‌ఫైర్ అయితే కాలని పెట్రోలు పోయి పొగను సాఫు చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ల కాలుతది, దాని లోపలి గూడు కరుగుతది. రెండు కిలోమీటర్ల కోసం వేల రూపాయలు.

ములుగురోడ్_తెల్లకారు
పెట్రోలు బండి ఆగినంక స్టార్ట్ చేసే తరీఖ గూడ ఎవరన్న రాయున్రి, ఒక్కదగ్గరుంటది.

కాజీపేట_పానా
లీటరు బాటిల్ తెచ్చి పోస్తే చాన సార్లు లేవదు. ఎందుకంటే లీటరు పెట్రోలు వెడల్పు ట్యాంకుల పలుచగ పరుచుకుంటది, గిన్నె దాక పోదు. 5 లీటర్లు పొయ్యి. బండిని సమంగ ఉన్న జాగకు తెచ్చి పొయ్యి. తాళం ఆన్ చెయ్యి, సెల్ఫ్ కొట్టకు. ఎన్క సీటు కింద సన్నగ రెండు మూడు సెకన్లు పంపు సప్పుడు వస్తది, ఆగుతది. ఆఫ్ చెయ్యి, మళ్ల ఆన్. నాలుగు సార్లు. బటన్ బండి అయితే బ్రేకు, క్లచ్చు తొక్కకుండ బటన్ రెండు సార్లు నొక్కితే ఆన్ అయితది. అప్పుడు సెల్ఫ్. చెక్ ఇంజన్ లైటు ఉంటే కంగారు వడకు, స్కాన్ చేస్తే ఎక్కువగ పీ0171 (గాలి ఎక్కువ, పెట్రోలు తక్కువ) లేకుంటే పీ0300 (మిస్‌ఫైర్) అన్న కోడ్ ఉంటది. రెండు మూడు రోజుల నడకకు దానంతటదే పోతే సరే, లైటు మిణుకుతుంటే మాత్రం బండి ఆపి చూపెట్టు.

కొన్ని బండ్లల్ల రెండు మూడు లీటర్లు పోస్తే మీటరు గుర్తు పట్టదు, రేంజు గీతలే ఉంటది. పోసేటప్పుడు ఇగ్నిషన్ ఆన్ ఉన్నా అంతే. మీటరు చెడిపోలే.

భూపాలపల్లి_బొగ్గు
బంకుల ప్లాస్టిక్ బాటిల్ల పోయరు కద, 5 లీటర్లు ఎట్ల తెస్తం?

జంగల్_రూట్
పోయరు, పోయొద్దు గూడ. నీళ్ల సీసా పెట్రోలుకు ఉబ్బుతది, ఎండల కార్ల పెడితే లీకై ఆవిరి నిండుతది. ఇనుప డబ్బా, మూత గట్టిగుండేది కావాలె. అది గూడ పెట్రోలు నింపి డిక్కీల పెట్టుకొని తిరుగొద్దు, ఖాళీ డబ్బా పెట్టుకో. జాతీయ రహదారి మీద అయితే 1033కు ఫోన్ చెయ్యి, పెట్రోలింగు బండి వస్తది. ఇన్సూరెన్సుల రోడ్‌సైడ్ అసిస్టెన్స్ తీసుకుంటే ఆ నంబర్ గూడ ఫోన్ల పెట్టుకో, సిగ్నల్ ఉన్న జాగల. అడవిల ఏ నంబరూ కలవదు.

జనగామ_జర_ఆగు
రెండో పోస్టు చదువున్రి.

ములుగురోడ్_తెల్లకారు
పానా అన్న చెప్పినట్లు రెండు సార్లు తీసిన. లైటు నిలబడ్డంక బంకు నాలుగు కిలోమీటర్లు. మొదటిసారి టక్కు దాక 31.4 పట్టింది, రెండోసారి 31.7. సగటు ట్యాంకుకు ట్యాంకు లెక్కన 16.5. అంటే 5.6, 5.3. చిన్నది 5.3 పట్టుకున్న. లీటరున్నర తీసేస్తే 3.8. ఇంటూ 16.5 అంటే 62 చిల్లర. సరేనా?

కరీంనగర్_లెక్కలు
లైటు నుంచి బంకు దాక నాలుగు కిలోమీటర్లకు కాలిన 0.24 లీటరు కలుపలే. కలిపితే 5.5. కాని వదిలెయ్, తక్కువ ఉంటేనే మంచిది. ఇంకోటి, ఆ 16.5 హన్మకొండ ఊరి నడుమ తిరిగింది గూడ కలిపినదా, ఉత్త ములుగు రోడ్డుదా?

ములుగురోడ్_తెల్లకారు
కలిపినదే.

కరీంనగర్_లెక్కలు
అయితే 60 రాసుకో. ఊరి లోపల 45.

కాజీపేట_పానా
60 సరే. ఆరు నెలలకోసారి మళ్ల తీయి. ఫ్లోట్ పట్టీ మీద మరక పడితే ఓమ్స్ మారి లైటు ముందే వెలుగుతది, లేకుంటే వెలగదు. ముల్లు సగం దగ్గర ఇరుక్కొని ఒక్కసారే పడిపోతుందంటే అదే రోగం. కొన్ని బండ్లకు ఎన్క సీటు కింద మూత ఉంటది, అర గంట పని. కొన్నిటికి ట్యాంకు దించాలె.

నర్సంపేట_మిర్చి
చివరి ముచ్చట. బైకుకు రిజర్వ్ ఉన్నట్టు కారుకు వేరే రిజర్వ్ ట్యాంకు ఉంటదా?

కాజీపేట_పానా
లేదు. పాత బైకుల గూడ వేరే ట్యాంకు లేదు. ఒకే ట్యాంకు, కాక్‌కు (పెట్రోలు వదిలే నల్లాకు) రెండు గొట్టాలు, ఒకటి పొడుగు, ఒకటి పొట్టి. పొడుగుదాని నోరు దాక పెట్రోలు అయిపోతే రిజర్వ్‌కు తిప్పుతవు, అడుగున్నది వస్తది. కార్ల తిప్పెటందుకు కాక్ లేదు గనక లైటు పెట్టిన్రు.

భూపాలపల్లి_బొగ్గు
మీటర్ల పంపు బొమ్మ పక్కన చిన్న బాణం ఉంటది కద, అదేంది?

జంగల్_రూట్
పెట్రోలు మూత ఏ దిక్కున్నదో చూపెడ్తది. కుడి బాణమైతే కుడి దిక్కు. బంకుల రివర్స్ తీసి కాల్చే పెట్రోలు మిగుల్తది.